తాను రచించినది తానే ఉచితముగా పంచవచ్చునా?

పాత తెలుగు పుస్తకములను తెరచి చూచినవారికి లోపలి పుటలో "సర్వస్వామ్య సంకలితము" అను మాటలు కన్పట్టును. ఈనాటి పుస్తకములందు అదే సంగతి "సర్వహక్కులు రచయితవి" అనియో, "ప్రచురణకర్తలవి" అనియో అచ్చగుచున్నది. చదువరులలో పలువురు ఆ పంక్తిని చూడకయే పుట త్రిప్పుదురు. కాని జనగామ, మహబూబాబాదు, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల గ్రామములలో ఆ పంక్తితో పని పడు దినములు వచ్చినవి. ఊరి ఉపాధ్యాయుడు తన గ్రామ చరిత్రను పుస్తకముగా వ్రాయుచున్నాడు. ఒగ్గు కథకుని కుమారుడు తండ్రి చెప్పిన కథను చేతిఫోనులో పట్టి యూట్యూబులో పెట్టుచున్నాడు. బతుకమ్మకు ఒక ఆడపడుచు కట్టిన క్రొత్త పాట సద్దుల నాటికే పది ఊళ్ళు తిరిగి వచ్చుచున్నది. ఇట్టివారు పంచాయతీ పెద్దలను అడుగు ప్రశ్న ఒకటే: "నేను వ్రాసినదే గదా! అచ్చయినది గదా! దానిని ఇప్పుడు అందరికిని ఉచితముగా ఇచ్చినచో తప్పగునా?"

తప్పు కాదు. అయితే ఆ హక్కు ఇంకను ఆయన చేతిలోనే యుండవలెను. అచ్చువేయించిన నాడో, రికార్డు చేయించిన నాడో తాను సంతకము చేసిన కాగితము ఉన్నచో ఇవ్వదలచినవాడు మొదట దానిని వెదకి చదువుకొనవలెను. మేము ఈ వ్యాసమున ముఖ్యముగా ఆ కాగితమును గూర్చియే చెప్పదలచితిమి.

కృతిని ఎవరికి ఈయవలెను అను విచారము ఈ ప్రాంతమునకు క్రొత్తది కాదు. 15వ శతాబ్దమున భాగవతమును తెనిగించిన పోతనామాత్యుని ఊరుగా ప్రసిద్ధికెక్కిన బమ్మెర నేటి జనగామ జిల్లా పాలకుర్తి మండలమున నున్నది. ఆ కాలమున కవి తన కావ్యమును ఒక ప్రభువునకు అంకితమిచ్చి, బదులుగా అగ్రహారమునో కానుకలనో పొందుట ఆచారము. పోతన తన భాగవతమును సర్వజ్ఞ సింగభూపాలునకు ఈయక శ్రీరామునకు సమర్పించెనని లోకమున వాడుక. ఆ కథలో చరిత్ర యెంత, ఐతిహ్యమెంత అను వాదమును పండితులకు వదలుదము. కృతిపతి ఎవరైనను, ఆ కావ్యమును తాటాకుపై ప్రతి వ్రాసికొనువానిని ఆపు చట్టము మాత్రము నాడు లేదు. అచ్చుయంత్రము వచ్చి వేలకొలది ప్రతులు తీయుట సులభమైన పిదపనే ప్రతులపై హక్కు అను భావము చట్టరూపము దాల్చినది.

కాపీరైటు అని వాడుకలో నున్న ఈ గ్రంథస్వామ్యమునకు మన దేశమున 1957 నాటి చట్టము ఆధారము. అది 1958 జనవరి 21వ తేదీ నుండి అమలులోనికి వచ్చినది. రచన కాగితముపైకి ఎక్కిన క్షణముననే హక్కు పుట్టును. రిజిస్ట్రేషను చేయించుకొనుట మంచిదే గాని విధి కాదు. చేయించుకొనకపోయినచో హక్కు లేదని చెప్పువారి మాట నమ్మరాదు. ఆ హక్కు రచయిత జీవించినంత కాలమును, ఆయన గతించిన సంవత్సరము ముగిసిన పిదప మరి 60 సంవత్సరములును నిలుచును. పూర్వము ఇది 50 సంవత్సరములే. రవీంద్రనాథ ఠాకూరు రచనలపై హక్కు తీరిపోవు తరుణమున, 1992లో, పది సంవత్సరములు పెంచిరి.

కావున పోతన పద్యములను నేడు ఎవరైనను అచ్చువేసి పంచవచ్చును. వానికి ఈనాటి పండితుడు వ్రాసిన టీకాతాత్పర్యములు మాత్రము ఆ పండితునివే. మహబూబాబాదు జిల్లా చిన్నగూడూరున జన్మించిన మహాకవి దాశరథి కృష్ణమాచార్యులు 1987లో కీర్తిశేషులైరి గనుక ఆయన కవితలపై హక్కు 2047 సంవత్సరాంతము వరకు ఉండును. ఆయన సోదరుడు రంగాచార్యులు 2015లో గతించిరి; ఆయన నవలల లెక్క 2075తో ముగియును. సభలో దాశరథి కవితనుండి కొంత భాగమును చదివి వినిపించుటకు చట్టమే వీలిచ్చినది. పుస్తకమంతయు ముద్రించి పంచుట వేరు. అందులకు హక్కుదారుల అనుమతి కావలెను.

హక్కు ఎవరిది?

పంచాయతీ సభ్యులకు భూమి సంగతి చక్కగా తెలియును గనుక ఆ పోలికతో చెప్పుదుము. పట్టాదారు తన చేనును తాను దున్నుకొనవచ్చును, కౌలుకీయవచ్చును, అమ్మవచ్చును, ఊరి బాట కొరకు వదలివేయవచ్చును. రచయితయు అంతే. తన రచనను వెలకట్టి అమ్ముట ఎట్లు హక్కో, వెల లేక పంచుటయు అట్లే హక్కు. ఒకసారి వెలకట్టి అమ్మిన పుస్తకమును రేపు ఉచితముగా ఈయరాదని చట్టమున ఎచ్చటను లేదు. అయితే చేనును క్రయపత్రము వ్రాసి ఇచ్చివేసినవాడు మరునాడు అదే చేనును దానము చేయజాలడు గదా! తన హక్కును ప్రచురణకర్తకు బదిలీ చేసిన రచయిత స్థితియు అట్టిదే. అట్లు ఇచ్చివేసిన పుస్తకమును ఆయనయే అనుమతి లేక ప్రతులు తీసి పంచినచో, తన పాటకు తానే దొంగగా నిలువవలసి వచ్చును. తెలిసి చేసిన ఉల్లంఘనకు ఆరు నెలల నుండి మూడు సంవత్సరముల వరకు జైలుశిక్షయు, 50,000 రూపాయల నుండి 2 లక్షల వరకు జరిమానాయు చట్టమున వ్రాసియున్నది. వాణిజ్య లాభము కొరకు చేయనిచో న్యాయస్థానము కారణములు వ్రాసి శిక్షను తగ్గించవచ్చును.

కొన్ని సందర్భములలో హక్కు మొదటినుండియే వ్రాసినవానిది కాదు. ఉద్యోగములో భాగముగా వ్రాసినది, వేరు ఒప్పందము లేనిచో, యజమానిది. ప్రభుత్వ ఉపాధ్యాయుడు రాత్రివేళ ఇంట కూర్చుండి వ్రాసికొన్న పద్యములు ఆయనవే. శాఖవారు ఆ పనిపై నియోగించగా వ్రాసిన పాఠ్యపుస్తకము ఆయనది కాదు.

గ్రామ చరిత్ర పుస్తకముల విషయమున సభ్యులు మరికొంత శ్రద్ధ వహింపవలెను. రాష్ట్ర శాసనము క్రింద ఏర్పడిన నిగమ సంస్థ తన ఆదేశముతో గాని, తన అజమాయిషీలో గాని వ్రాయించిన రచనకు, లేక తానే మొదట ప్రచురించిన రచనకు, వేరు ఒప్పందము లేనిచో ఆ సంస్థయే తొలి హక్కుదారు అని చట్టము చెప్పుచున్నది. గ్రామ పంచాయతీ అట్టి సంస్థయే. ఒక ఉపాధ్యాయుడు మూడేండ్లు ముసలివారినడిగి, శాసనములు చదివి, ఊరి చరిత్ర వ్రాసెననుకొందము. పంచాయతీ అభిమానముతో దానిని తన పేర అచ్చు వేయించినది. కాగితము ఏమియు వ్రాసికొనలేదు. కొన్నేండ్లకు ఆయన ఆ పుస్తకమును లోకమునకెల్ల ఉచితముగా ఈయదలచినపుడు, ఆయనకు ఆ అధికారము కలదా యను సందేహము పుట్టును. సర్పంచి మారినచో సందేహము తగాదా యగును. ఎవరును చెడు తలపెట్టలేదు. అర పుట ఒప్పందము లేకపోవుటయే దీనికి మూలము. అచ్చుకు ముందే "రచనపై హక్కులు రచయితవి, పంచాయతీ ఇన్ని ప్రతులు ముద్రించి పంచుటకు అనుమతి పొందినది" అని వ్రాసి ఇరుపక్షములును సంతకము చేసినచో ఈ చిక్కు ఉండదు.

కాసెట్టుల కాలపు కాగితములు

పాట కట్టువారి కథ ఇంతకంటె చిక్కైనది. కాసెట్టులు ముమ్మరముగా అమ్ముడుపోయిన దినములలో పల్లె గాయకులు పట్టణములకు పోయి, ఒక పూటలో పది పాటలు పాడి, చేతికి వచ్చిన పైకమును తీసికొని, చూపిన చోట సంతకము పెట్టి వచ్చినవారు. ఆ సంతకముతో తమ పాట ఇక తమది కాదని వారు నేటికిని నమ్ముచున్నారు. అది పలు సందర్భములలో నిజము కాకపోవచ్చును.

బదిలీ చెల్లవలెనన్నచో అది వ్రాతపూర్వకముగా ఉండి, హక్కు ఇచ్చువాని సంతకము కలిగి యుండవలెను. నోటిమాటతో హక్కు బదిలీ కాదు. ఏ రచన, ఏ హక్కు, ఎంత కాలము, ఏ ప్రాంతము, ఎంత ప్రతిఫలము అను సంగతులు పత్రమున ఉండవలెను. కాలము వ్రాయనిచో అది ఐదు సంవత్సరములనియే భావింపవలెను. ప్రాంతము వ్రాయనిచో అది భారతదేశమునకు మాత్రమే పరిమితము. పొందినవాడు ఆ హక్కును ఒక సంవత్సరము లోపల వినియోగింపనిచో, పత్రమున వేరు నియమము లేనియెడల, ఆ హక్కునకు సంబంధించినంత వరకు బదిలీ తీరిపోవును. ఈ నియమములు 1995 మే 10వ తేదీకి పిదప వ్రాసిన పత్రములకు వర్తించును. అంతకు ముందటివానికి వర్తింపవు. కావున 2000 సంవత్సరమున కాలపరిమితి లేక వ్రాసిన కాసెట్టు ఒప్పందము 2005తోనే ముగిసియుండును. పాట కట్టినవాని హక్కు అప్పుడే ఇల్లు చేరినది. ఆయనకు తెలియదు, అంతే. ఇనుప పెట్టెలలో మడతలు పడియున్న ఆ కాగితములను తీయించి చదివించుట పంచాయతీ సభ్యులు చేయదగిన మేలైన పని యని మా అభిప్రాయము. పత్రమున "శాశ్వతముగా" అను మాట యున్నచో లెక్క మారును. అప్పుడు న్యాయవాదిని అడుగక తప్పదు. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో స్త్రీలకు, షెడ్యూల్డు కులములు, తెగలవారికి ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచితముగా సలహా దొరకును. ఇతరులకు ఆదాయపరిమితి కలదు.

2012లో చట్టమును సవరించినపుడు మరియొక రక్షణ చేర్చిరి. పత్రము వ్రాయు నాటికి వాడుకలో లేని మాధ్యమమునకు, దానిని పేర్కొని వ్రాసిన గాని, బదిలీ వర్తింపదు. అట్లే పాట రచయితయు బాణీ కట్టినవాడును తమకు రావలసిన రాయల్టీ వాటాను పూర్తిగా వదలుకొందుమని వ్రాసినను ఆ వ్రాత చెల్లదు. చట్టబద్ధమైన వారసులకో, కాపీరైటు సంఘమునకో తప్ప దానిని ఇతరులకు ఈయరాదు.

ఇచ్చట ఒక భేదము గుర్తింపవలెను. రికార్డయిన పాటలో ఒకటి కాదు, పలు హక్కులు పెనవైచుకొని యుండును. పదములు వ్రాసినవానివి, బాణీ కట్టినవానిది, గాన ప్రదర్శనపై గాయకునికి ఒక హక్కు, ఆ రికార్డుపై దానిని తీయించిన కంపెనీకి మరియొకటి. పాట రచయితకు తన పదములపై హక్కు మిగిలియున్నను కంపెనీవారి రికార్డును ఎత్తి ఉచితముగా పంచరాదు. పదములును బాణీయు తనవే యైనచో మరల తన గొంతుతో పాడి, క్రొత్తగా రికార్డు చేసి, దానిని నిశ్చింతగా పంచుకొనవచ్చును.

జనగామ జిల్లా మాణిక్యపురమునకు చెందిన చుక్క సత్తయ్య (1935–2017) వంటి మహా కళాకారులు చెప్పిన ఒగ్గు కథకును ఇదే న్యాయము. మల్లన్న కథ, బీరప్ప కథ ఏ యొక్కరి సొత్తును కావు, తరతరములుగా వచ్చినవి. వానిని ఎవరైనను చెప్పవచ్చును, ఎవరైనను ఉచితముగా పంచవచ్చును. ఒక కళాకారుడు ఒకనాడు చేసిన ప్రదర్శనపై మాత్రము ఆయనకు ప్రత్యేకమైన హక్కు కలదు. అది ప్రదర్శన జరిగిన సంవత్సరము ముగిసిన పిదప 50 సంవత్సరములు నిలుచును. జాతరలో ప్రేక్షకుడొకడు ఫోనులో పట్టి, తన పేర యూట్యూబున పెట్టి, దానిపై డబ్బు గడించుట ఆ హక్కునకు భంగమే. పెంబర్తి ఇత్తడి పనివారి నమూనాల సంగతికి డిజైనుల చట్టము వేరుగా నున్నది; దానిని గూర్చి ఇచ్చట ముచ్చటింపము.

తన పాటను తానే పెట్టినను యూట్యూబువారు తొలగించిరని కొందరు వాపోవుచుందురు. అచ్చటి యంత్రము కంపెనీ నమోదు చేసిన రికార్డుతో పోల్చి చూచునే గాని, పాట కట్టినది ఎవరో దానికి తెలియదు. హక్కుదారు వ్రాతపూర్వకముగా ఫిర్యాదు చేసినచో 21 దినములు దానిని నిలిపియుంచవలెననియు, ఆ లోపల న్యాయస్థానపు ఉత్తర్వు రానిచో మరల అందుబాటులోనికి తేవచ్చుననియు మన చట్టమున కలదు. పత్రము చేతనున్న రచయిత అభ్యంతరము వ్రాసి పంపుటకు వెనుదీయనక్కరలేదు.

ఇచ్చు విధములు

హక్కు తనదేనని తేలిన పిదప ఇచ్చుటలో తరతమములున్నవి. "చదువుకొనుడు, ప్రతులు తీసికొనుడు, హక్కు నాదే" యనుట ఒక విధము. ఇది కౌలువంటిది, నియమములు తన ఇష్టము. రెండవది క్రియేటివ్ కామన్స్ అను అంతర్జాతీయ అనుమతి పత్రముల పద్ధతి. 2002 నుండి వాడుకలో నున్న ఈ పత్రములలో రచయిత పేరు చెప్పవలెననియు, అమ్మకమునకు వాడరాదనియు, మార్చినదానిని తిరిగి అదే నియమముతో పంచవలెననియు కోరిన షరతులు ఎన్నుకొనవచ్చును. ఒకసారి ఇచ్చిన పిదప, షరతులు పాటించువారి నుండి ఆ అనుమతిని వెనుకకు తీసికొన వీలులేదు. చరిత్ర గ్రంథకర్త సయ్యద్ నశీర్ అహమ్మద్ పుస్తకములను తెలుగు వికీసోర్సులో నేడు ఎవరైనను ఉచితముగా చదువవచ్చును. కన్నడ నవలాకారుడు నిరంజన రచనలను ఆయన కుమార్తె 2014లో ఈ విధముగనే విడుదల చేసిరి. రచయిత తరువాత ఇచ్చు అధికారము వారసులదని అందువలన తెలియుచున్నది.

మూడవది హక్కును పూర్తిగా విడుచుట. బాటకు వదలిన నేల వంటిది. ఢిల్లీలోని కాపీరైట్ల రిజిస్ట్రారునకు నిర్ణీత నమూనాలో తెలిపి గాని, బహిరంగ ప్రకటన చేసి గాని రచయిత తన హక్కులను, కోరినచో వానిలో కొన్నిటిని మాత్రమే, వదలుకొనవచ్చును. అట్లు వదలిన పుస్తకమును ఒక వ్యాపారి అచ్చువేసి వెలకట్టి అమ్ముకొన్నను అడ్డు చెప్పుటకు వీలుండదు. దానము చేయుటకు ముందు ఈ సంగతి తలచుకొనుట మంచిది.

పెద్దలును ఈ విషయమున ఒకే తీరున నడువలేదు. గాంధీ మహాత్ముడు 1910లో ఆంగ్లమున ప్రచురించిన "హింద్ స్వరాజ్" పుస్తకముపై హక్కులేవియు ప్రత్యేకించుకొనలేదని అచ్చు వేయించెను. అదే మహాత్ముడు తరువాత తన రచనల హక్కులను నవజీవన్ ట్రస్టునకు అప్పగించెను. ఆ హక్కులు 2008 సంవత్సరాంతమున తీరినవి. రష్యా రచయిత టాల్‌స్టాయి 1881 నుండి తాను వ్రాసినదానిని ఎవరైనను ఉచితముగా ముద్రింపవచ్చునని 1891లో పత్రికాముఖమున ప్రకటించగా, ఆ హక్కుల విషయమై ఇంట భార్యతో చిరకాలము కలహము నడచినది. దాత ఒక్కడే యైనను ఇల్లు ఒక్కనిది కాదు గదా!

ఏ విధముగా ఇచ్చినను ఒకటి మిగులును. ఇది నా రచన యని చెప్పుకొను హక్కును, దానిని వికృతము చేసి తన గౌరవమునకు భంగము కలిగించువారిని అడ్డగించు హక్కును బదిలీ పత్రము వ్రాసిన పిదపను రచయితకు ఉండును. ఉచితముగా దొరకిన పాటలో కట్టినవాని పేరు చెరిపి తన పేరు పెట్టుకొనుట కూడని పని.

పంచాయతీ చేయదగినది

పంచాయతీ తన అధికారిక ఉత్సవములలో పాటలు పాడించుటకు, వినిపించుటకు చట్టము మినహాయింపు ఇచ్చినది. నిజమైన మతకార్యములకును, వివాహపు ఊరేగింపులకును ఇదే మినహాయింపు కలదు. 2025 మే నెలలో కాళేశ్వరమున జరిగిన సరస్వతీ పుష్కరముల వంటి సందర్భమున పూజావిధిలో భాగముగా భక్తిగీతము వినిపించుట దీని క్రిందకే వచ్చును. టిక్కెట్టు పెట్టి జరుపు వినోద ప్రదర్శనకు మాత్రము ఇది వర్తింపదు. అమ్మకమున ఎచ్చటను దొరకని పుస్తకమునకు ప్రజా గ్రంథాలయము తన ఉపయోగము కొరకు మూడు ప్రతులు మించకుండ తీసికొనవచ్చును.

ఈ మినహాయింపులను చూచి కళాకారునికి పైకము ఈయనక్కరలేదని కొందరు తలంతురు. అది పొరపాటు. మినహాయింపు కాపీరైటునకే గాని కూలికి కాదు. డోలు కొట్టి రాత్రంతయు కథ చెప్పినవానికి పారితోషికము ఈయక, "ఊరి కొరకు ఉచితముగా చెప్పు" మని బలవంతము చేయుట మాకు సమ్మతము కాదు. ఉచితముగా ఇచ్చుట ఇచ్చువాని ఇష్టమై యుండవలెను. పంచాయతీ తీర్మానముచే ఒకరి పాటను ఊరి సొత్తుగా మార్చు అధికారము ఎవరికిని లేదు.

రచయిత తనంత తానుగా ముందుకు వచ్చినచో, పంచాయతీ దస్త్రమున ఉంచుటకు, పుస్తకపు లోపలి పుటలో అచ్చువేయుటకు ఇట్టి వాక్యము సరిపోవును: "ఈ రచనపై హక్కు నాది. నేను దీనిని పూర్వము ఎవరికిని బదిలీ చేయలేదు. నా పేరు పేర్కొని, పాఠమును మార్చక, వెల తీసికొనక ఎవరైనను దీనిని ప్రతులు తీసి పంచవచ్చును." క్రింద రచయిత సంతకము, తేదీ, ఇద్దరు సాక్షుల సంతకములు ఉండవలెను. పూర్వము బదిలీ జరిగి కాలము తీరిన రచనయైనచో రెండవ వాక్యమునకు బదులుగా ఆ పత్రపు తేదీని, గడువు తీరిన సంవత్సరమును వ్రాయవలెను. ఒక ప్రతి రచయిత వద్దను, ఒకటి పంచాయతీ కార్యాలయమునను, మరియొకటి గ్రంథాలయమున పుస్తకముతో పాటును ఉంచుట మంచిది.